పాఠం చూడటం, చూశాక మాట్లాడటం: ప్రధానోపాధ్యాయులకు, టీచర్లకు సమగ్ర మార్గదర్శి

హెచ్‌ఎం తరగతి గుమ్మంలో కనిపించగానే చాలా బడుల్లో ఒకేలా జరుగుతుంది. పిల్లలు లేచి నిలబడతారు. టీచరు గొంతు కాస్త పెరుగుతుంది. సగంలో ఉన్న లెక్క పక్కకు పోయి, బాగా చదివే పిల్లల్లో ఒకరు లేచి జవాబు చెబుతారు. పీరియడంతా కూర్చున్న హెచ్‌ఎం రిజిస్టరులో "పాఠం సంతృప్తికరం, బోధనోపకరణాలు మరింతగా వాడాలి" అని రాసి సంతకం పెట్టి వస్తారు. ఆ వాక్యం చదివిన టీచరు మర్నాడు ఏం మార్చాలి? అందులో పట్టుకోవడానికి ఏమీ లేదు.

పాఠం చూసి సలహా చెబితే ఎలాగూ మేలే జరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా జరిగిన చాలా పరిశోధనలను క్లూగర్, డెనీసీ అనే ఇద్దరు పరిశోధకులు 1996లో కలిపి చూస్తే, మూడో వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పనితీరు తగ్గింది. మాట చేసే పని మీద కాకుండా మనిషి మీదకు మళ్లినప్పుడు నష్టం ఎక్కువని వాళ్లు తేల్చారు. మరోవైపు, టీచరు పక్కనే ఉండి పదేపదే చూసి సాయపడే కోచింగ్ మీద వచ్చిన 60 అధ్యయనాలను క్రాఫ్ట్, బ్లేజర్, హోగన్ 2018లో కలిపి చూశారు. బోధన మెరుగైంది, పిల్లల చదువు కూడా కొంత మెరుగైంది. అంటే చూడటం, చెప్పడం ఎలా జరుగుతున్నాయన్న దాని మీదే ఫలితమంతా ఆధారపడి ఉంది. ఆ పద్ధతి ఏమిటో కింద వరుసగా ఉంది.

1. ముందు టైము లెక్క

పద్ధతి ఎంత మంచిదైనా టైమ్‌టేబుల్‌లో చోటు లేకపోతే మొదటి నెలలోనే ఆగిపోతుంది. అందుకే కాగితం మీద లెక్కతో మొదలుపెట్టాలి.

24 మంది టీచర్లున్న బడి అనుకుందాం. ఒక్కో సందర్శన 12 నిమిషాలు, తర్వాత మాటామంతీ 10 నిమిషాలు, అటూ ఇటూ నడకకు 3 నిమిషాలు. మొత్తం 25. రోజుకు రెండు చొప్పున వారానికి నాలుగు రోజులు చూస్తే వారానికి 8 మంది, మూడు వారాల్లో ఒక చుట్టు పూర్తి. ఏడాదిలో 30 పని వారాలు దొరికితే ఒక్కో టీచరును పదిసార్లు చూడొచ్చు. పరీక్షలు, మీటింగులు, రిపోర్టులు సగం మింగేసినా ఐదుసార్లు మిగులుతుంది. ఏడాదికి ఒక్కసారి పీరియడంతా కూర్చోవడం కంటే ఈ ఐదు చాలా విలువైనవి. గేట్స్ ఫౌండేషన్ నడిపిన టీచర్ల పరిశీలన ప్రాజెక్టు 2012లో ఇచ్చిన నివేదిక కూడా ఇదే చెప్పింది: ఒక్క పాఠాన్ని ఒక్కరే చూసి ఏర్పరచుకున్న అభిప్రాయం మీద ఆధారపడలేం. ఎక్కువ పాఠాలు, ఎక్కువ మంది చూసినవి కలిస్తేనే నమ్మకం కుదురుతుంది.

హెచ్‌ఎం తానే రెండు మూడు తరగతులకు పాఠం చెప్పే చిన్న బడిలో వారానికి రెండు సందర్శనలు పెట్టుకుంటే చాలు. ఆ రెంటినీ మాత్రం టైమ్‌టేబుల్‌లో గళ్లు గీసి రాయాలి. "ఖాళీ దొరికినప్పుడు వెళదాం" అనుకుంటే ఆ ఖాళీ రాదు.

ఒక జాగ్రత్త. ఎప్పుడూ పొద్దున రెండో పీరియడుకే వెళ్తుంటే పిల్లలు చురుగ్గా ఉన్న బడే కనిపిస్తుంది. మధ్యాహ్నం చివరి పీరియడు, సెలవు తర్వాతి రోజు కూడా చూడాలి. పాఠం మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, ముగింపులో ఒకసారి వెళ్లాలి. చివరి పది నిమిషాల్లో పిల్లల చేత ఏం చేయిస్తున్నారన్నది చాలామంది హెచ్‌ఎంలు ఏళ్ల తరబడి చూడనే చూడరు.

2. తనిఖీకి, దీనికి మధ్య గోడ కట్టండి

పదోన్నతికీ, వార్షిక మదింపుకూ జరిగే తనిఖీ వేరు. అది నియమాల ప్రకారం జరగాల్సిందే. కానీ ఈ చిన్న సందర్శనల నోట్సు ఆ ఫైలులోకి వెళ్లకూడదు. వెళ్తుందన్న అనుమానం వచ్చినా చాలు, టీచర్లు కొత్తగా ఏదీ ప్రయత్నించరు. హెచ్‌ఎం వచ్చే రోజు కోసం దాచిపెట్టిన పాఠమే చెబుతారు.

కాబట్టి మొదటి సందర్శనకు ముందే స్టాఫ్ మీటింగులో నాలుగు మాటలు స్పష్టంగా చెప్పాలి: చెప్పకుండా వస్తాను. 12 నిమిషాలుంటాను. మార్కులు, గ్రేడ్లు ఉండవు. రాసుకున్న కాగితం మాట్లాడాక మీకే ఇచ్చేస్తాను. నాలుగోదే అసలు పరీక్ష. కాగితం నిజంగా చేతికి వచ్చాకే టీచర్లు మొదటి మూడూ నమ్ముతారు.

పిల్లలకూ చెప్పాలి: "నేను వచ్చినప్పుడు లేవొద్దు, మీ పని మీరు చేసుకోండి." రెండు వారాల్లో అలవాటైపోతుంది.

3. ఒక్క విషయం ఎంచుకోండి

నలభై అంశాల చెక్‌లిస్టు పట్టుకుని వెళ్తే కళ్లు కాగితం మీదే ఉంటాయి. పైగా "బోధనోపకరణాల వినియోగం", "విద్యార్థుల భాగస్వామ్యం" లాంటి గళ్లలో టిక్కు పెట్టడానికి పాఠాన్ని నిజంగా చూడనవసరం లేదు. ఒక నెలకు ఒక్క అంశం చాలు. మొదటి ఏడాదికి ఈ మూడు సరిపోతాయి.

ప్రశ్న అడిగాక టీచరు ఎంతసేపు ఆగుతున్నారు? మేరీ బడ్ రో చేసిన పరిశోధన ఈ విషయంలో ప్రసిద్ధం. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని ఆమె గమనించారు. ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పని పిల్లలు తగ్గారు. పిల్లవాడు జవాబు చెప్పాక కూడా అలాగే ఆగడం అంతే ముఖ్యమని ఆమె చూపించారు. మనం ఈ రెండోదాన్ని ఎక్కువగా మరిచిపోతాం. "గుడ్, కూర్చో" అనేస్తాం, ఆ పిల్లవాడు చెప్పబోతున్న మిగతా సగం గొంతులోనే ఉండిపోతుంది.

ఎవరు మాట్లాడుతున్నారు? నెడ్ ఫ్లాండర్స్ తరగతుల్లోని మాటలను మూడేసి సెకన్లకోసారి పది రకాలుగా గుర్తిస్తూ నమోదు చేసే పద్ధతి రూపొందించారు. తరగతి సమయంలో మూడింట రెండు వంతులు ఎవరో ఒకరు మాట్లాడుతుంటారు, అందులో మూడింట రెండు వంతులు టీచరు మాటే అని ఆయన చెప్పిన లెక్క ఇప్పటికీ గుర్తుపెట్టుకోదగ్గది. మనకు మూడేసి సెకన్ల నమోదు అక్కర్లేదు. కూర్చునే వరసల ప్రకారం కాగితం మీద గళ్లు గీసి, నోరు తెరిచిన ప్రతి బిడ్డ గడిలో ఒక గీత పెడితే చాలు. 12 నిమిషాల తర్వాత ఆ బొమ్మే మాట్లాడుతుంది.

పిల్లలకు అర్థమైందో లేదో టీచరుకు ఎలా తెలుస్తోంది? "అర్థమైందా?" అంటే "అయింది" అనే బృందగానంతోనా, లేక ప్రతి బిడ్డా రాసింది చూశాకా? సాధన సమయంలో పిల్లలు ఇచ్చే జవాబుల్లో సుమారు 80 శాతం సరిగ్గా ఉండాలని విద్యా పరిశోధకుడు రోజెన్‌షైన్ 2012లో సూచించారు. అంతకంటే బాగా తక్కువగా ఉంటే తప్పులే అలవాటవుతాయి, మళ్లీ నేర్పాలి.

మూడింటిలో మూడోదే ముఖ్యమని మా అభిప్రాయం. ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోలేకపోతే దానితోనే మొదలుపెట్టండి.

4. తరగతిలో ఆ 12 నిమిషాలు

గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడితే పోలీసులా ఉంటుంది. వెనక గోడ దగ్గర కుర్చీలో కూర్చుంటే పిల్లల వీపులు, టీచరు ముఖం మాత్రమే కనిపిస్తాయి. పక్క గోడ వైపు, మధ్య బెంచీ దగ్గర ఉండాలి. అక్కణ్నుంచి పిల్లల ముఖాలు, చేతులు, నోటుబుక్కులు కనిపిస్తాయి. చూడాల్సింది వాటినే. టీచరు ఏం చెప్పారన్నది సగం పాఠమే, మిగతా సగం పిల్లవాడి పెన్సిలు కింద ఉంటుంది.

పిల్లలు రాసుకుంటున్నప్పుడు లేచి ఒక వరస వెంట నడుస్తూ ఎనిమిది తొమ్మిది నోటుబుక్కులు చూడండి. ముందు బెంచీ నుంచి రెండే, మిగతావన్నీ మధ్య నుంచి, చివరి నుంచి. ఎవరో ఒక బిడ్డను గొంతు తగ్గించి రెండు ప్రశ్నలు అడగండి: "ఇప్పుడు ఏం చేస్తున్నావు? ఇది ఎందుకు చేస్తున్నావు?" మొదటిదానికి అందరూ జవాబు చెబుతారు. రెండోదానికి "టీచరు చేయమన్నారు" అని వస్తే అదీ యథాతథంగా రాసుకోండి.

పాఠంలో కలగజేసుకోవద్దు. టీచరు విషయంలో తప్పు చెప్పినా పిల్లల ముందు దిద్దొద్దు. ఆ రోజే విడిగా చెబితే మర్నాడు టీచరే దిద్దుకుంటారు, పిల్లల్లో ఆ టీచరు గౌరవం నిలుస్తుంది. దీనికి ఒక్కటే మినహాయింపు. పిల్లలను కొట్టడం, అవమానించడం కంట పడితే అక్కడికక్కడే ఆపించాలి. అది ఫీడ్‌బ్యాక్ విషయం కాదు, పిల్లల భద్రత విషయం. దానికి బడి నియమాల ప్రకారం వేరే దారి ఉంది.

5. కాగితం మీద ఏం రాయాలి

విన్నది, చూసింది, ఎన్ని గంటలకు. అంతే. "పిల్లల్లో ఆసక్తి లేదు" అన్నది తీర్పు. "చివరి వరసలో ఆరుగురిలో నలుగురు నోటుబుక్కు తెరవలేదు" అన్నది చూసింది. తీర్పు రాస్తే టీచరు దాంతో వాదిస్తారు. చూసింది రాస్తే ఇద్దరూ కలిసి దాన్ని చూస్తారు. తీర్పు మాట రాయాలనిపించినప్పుడల్లా "ఏం చూసి ఇలా అనుకున్నాను?" అని ప్రశ్న వేసుకుని ఆ జవాబే రాయండి.

భిన్నాల కూడిక పాఠం చూసినప్పుడు ఒక మంచి నోట్సు ఇలా ఉంటుంది:

10:12. బోర్డు మీద 1/2 + 1/3. "హారాలు వేరుగా ఉన్నాయి, ఏం చేయాలి?" సెకను లోపే టీచరే: "క.సా.గు. తీసుకోవాలి, అవునా?" అందరూ: "అవును."
10:15. లెక్క బోర్డు మీద పూర్తయింది. జవాబులు అందించింది ముందు బెంచీలో ముగ్గురు.
10:17. "అర్థమైందా?" "అయింది."
10:18. 1/4 + 2/3 నోటుబుక్కులో చేయమన్నారు.
10:21. తొమ్మిది పుస్తకాలు చూశాను. నాలుగింట్లో 3/7. మూడింట్లో 11/12. రెండింట్లో మొదటి లెక్కే మళ్లీ ఉంది.
10:23. టీచరు రెండో లెక్క కూడా బోర్డు మీద చేసి టిక్కు పెట్టుకోమన్నారు. 3/7 రాసినవాళ్లు రబ్బరుతో చెరిపి 11/12 రాసుకున్నారు.

ఆ చివరి వాక్యంలోనే ఉంది విషయమంతా. సాయంత్రం టీచరు ఆ పుస్తకాలు దిద్దితే తరగతి మొత్తానికీ భిన్నాల కూడిక వచ్చినట్టే కనిపిస్తుంది. పరీక్షలో అవే 3/7లు తిరిగి వస్తాయి, "అంత చెప్పాను కదా" అని టీచరు బాధపడతారు. పైనుంచి చూస్తే ఈ పాఠం సాఫీగా, క్రమశిక్షణతో సాగింది. చెక్‌లిస్టు ప్రకారమైతే మంచి మార్కులే పడేవి.

ఈమధ్య కొందరు ఇలాంటి నోట్సును ఏఐ టూల్‌లో వేసి రిపోర్టు రాయిస్తున్నారు. వాక్యాలు నున్నగా వస్తాయి. కానీ "విద్యార్థులకు భావనాత్మక అవగాహన పెంపొందించాలి" అని వచ్చే ఆ రిపోర్టులో 3/7 మాయమవుతుంది, టీచరుకు పనికొచ్చేది అదొక్కటే. టీచర్ల పేర్లు, పిల్లల పేర్లు బయటి టూల్‌లోకి వెళ్లడం మరో తప్పు. చేతిరాత కాగితమే మేలు. దాన్ని ఫొటో తీసి బడి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం ఎన్నడూ చేయొద్దు.

6. మాట్లాడటం: పది నిమిషాలు, ఒకే మాట

అదే రోజు మాట్లాడాలి. కుదరకపోతే మర్నాడు. మూడో రోజుకు ఏ పిల్లవాడు ఏం రాశాడో ఇద్దరికీ గుర్తుండదు. హెచ్‌ఎం గదిలో బల్లకు అటూ ఇటూ కూర్చోవడం కంటే, ఖాళీ అయిన అదే తరగతి గదిలో బోర్డు ముందు నిలబడి మాట్లాడుకోవడం నయం. స్టాఫ్‌రూమ్‌లో నలుగురి ముందు అసలు వద్దు.

"పాఠం ఎలా జరిగిందనుకుంటున్నారు?" అని మొదలుపెట్టొద్దు. అది పరీక్ష ప్రశ్నలా వినిపిస్తుంది. టీచరు "బాగానే జరిగింది సర్" అంటే తర్వాత మీరు చెప్పేదంతా ఖండన అవుతుంది. రెండు పొగడ్తల మధ్య ఒక విమర్శ ఇరికించడం కూడా మానేయండి. పొగడ్త వినగానే టీచరు వెనకాల వచ్చేదాని కోసం ఎదురుచూస్తారు, ఆ పొగడ్త వృథా. నేరుగా కాగితం ముందు పెట్టండి.

"రెండో లెక్క ఇచ్చాక తొమ్మిది పుస్తకాలు చూశాను మేడమ్. నాలుగింట్లో ఇలా ఉంది." 3/7 అని బోర్డు మీద రాయాలి. "ఇది ఎలా వచ్చి ఉంటుందంటారు?"

"పైవి పైవి, కిందివి కిందివి కూడేశారు సర్."

"మీరు లెక్క బోర్డు మీద చేసేలోపే ఇది మీ కంట పడాలంటే?"

"అందరి పుస్తకాలూ చూసే టైము ఎక్కడిది సర్?"

"అందరివీ వద్దు. ఎనిమిది చాలు. ఏ ఎనిమిది చూస్తారు?"

ఇక్కడ ఆగి ఎదురుచూడాలి. ప్రశ్న వేశాక మూడు సెకన్ల విరామం హెచ్‌ఎంకూ వర్తిస్తుంది. మధ్య వరసలో నలుగురు, చివర నలుగురు అని టీచరే చెబితే అది ఆమె నిర్ణయం అవుతుంది. మీరు చెబితే ఆదేశం అవుతుంది.

తర్వాత చాలామంది వదిలేసే మెట్టు ఒకటుంది: అక్కడే ఒకసారి చేసి చూడటం. తప్పు కంట పడ్డాక తరగతిలో ఏమంటారు? మాటలతో సహా అనుకోవాలి. "3/7 అని కొందరికి, 11/12 అని కొందరికి వచ్చింది. 2/3 ఒక్కటే సగం కంటే ఎక్కువ కదా. దానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గుతుందా?" ఈ ప్రశ్నను టీచరు బోర్డు ముందు నిలబడి పైకి ఒకసారి అంటే, మర్నాడు తరగతిలో నోరు తడబడదు. మొదట్లో ఇద్దరికీ ఇబ్బందిగా ఉంటుంది. రెండోసారికి పోతుంది.

ముగించేముందు ఒక్క వాక్యం కాగితం మీద టీచరే రాసుకోవాలి: ఏం చేస్తారు, ఏ తరగతిలో, ఎప్పటినుంచి. "గురువారం నుంచి ఆరో తరగతి లెక్కల్లో, బోర్డు మీద జవాబు రాయకముందే ఎనిమిది పుస్తకాలు చూస్తాను." ప్రశ్న వేశాక టీచరు ఆగకపోవడం, ముందు బెంచీ ముగ్గురే మాట్లాడటం కూడా మీ నోట్సులో ఉన్నాయి. వాటిని ఇవాళ ఎత్తొద్దు. నాలుకను ఆపుకోవడమే ఇందులో కష్టమైన పని. మూడు చెబితే ఒక్కటీ జరగదు.

పాఠం నిజంగా బాగుంటే? "చాలా బాగుంది" అని వచ్చేయడం కూడా నష్టమే. ఏది, ఎందుకు బాగుందో అంతే వివరంగా చెప్పాలి: "తప్పు చెప్పిన అమ్మాయిని కూర్చోబెట్టకుండా, పక్కవాళ్లు జవాబు చెప్పాక మళ్లీ ఆమె దగ్గరికే వెళ్లారు. రెండోసారి ఆమె సరిగ్గా చెప్పింది." అలాంటి టీచరు తాను ఏం చేస్తున్నారో తనకే తెలియకుండా చేస్తుంటారు. పేరు పెట్టి చెబితే ఇంకొకరికి నేర్పగలుగుతారు.

సీనియర్ టీచరు హెచ్‌ఎం కంటే పెద్దవారైతే, లేదా సబ్జెక్టు హెచ్‌ఎంకు రానిదైతే, తెలిసినట్టు నటించొద్దు. "ఈ జవాబు సరైనదో కాదో నాకు తెలియదు సర్, కానీ పక్కపక్కన ఉన్న ఇద్దరి పుస్తకాల్లో రెండు రకాలుగా ఉంది. ఏది సరైనది?" అని అడిగితే చాలు. పుస్తకంలోంచి వచ్చిన ప్రశ్నకు అనుభవం అడ్డు రాదు.

7. మళ్లీ వెళ్లడం

అనుకున్న రోజు తర్వాత వారం పది రోజుల్లోపు అదే తరగతికి, అదే విషయం చూడటానికి వెళ్లాలి. ఐదు నిమిషాలు చాలు. వెళ్లకపోతే ఆ ఒప్పందానికి విలువ లేదని టీచరుకు అర్థమైపోతుంది, మరుసటి నోట్సు మర్యాదకు విని ఊరుకుంటారు. రెండోసారి చూసేసరికి టీచరు ఎనిమిది పుస్తకాలూ చూస్తున్నారు గానీ ముందు బెంచీవే చూస్తున్నారనుకోండి. అది వైఫల్యం కాదు, తర్వాతి మాటకు మొదలు. రెండుసార్లు చూసినా ఏ మార్పూ లేకపోతే సలహానే చిన్నది చేయాలి. ఎనిమిది పుస్తకాల బదులు మూడు.

8. ఎక్కడ తేడా వస్తుంది

బలహీనులనుకున్న టీచర్ల దగ్గరికే వెళ్లడం: నెల తిరిగేసరికి హెచ్‌ఎం అడుగుపెట్టడమే చెడ్డపేరు అవుతుంది. అందరి దగ్గరికీ వరుసగా వెళ్లాలి. కొత్త టీచర్ల దగ్గరికి ఒక సారి ఎక్కువ వెళ్లొచ్చు, ఆ సంగతి ముందే అందరికీ చెప్పి.

నిశ్శబ్దంగా ఉన్న తరగతే మంచి తరగతి అనుకోవడం: ఇద్దరిద్దరు కలిసి లెక్క చేస్తుంటే గోల ఉంటుంది. దగ్గరికెళ్లి ఆ మాటలు వినండి. లెక్క గురించే అయితే అది పనే.

హెచ్‌ఎం తన సబ్జెక్టు టీచర్లతో గంట, మిగతావాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడటం: గడియారం చూసుకోవడం ఒక్కటే మందు.

9. హెచ్‌ఎం రాకపోయినా టీచర్లు చేసుకోగలిగినది

ఫోనులో 15 నిమిషాల ఆడియో రికార్డు చేసి, ఇంటికెళ్లాక వినండి. వీడియో వద్దు. పిల్లల ముఖాలు వస్తాయి, దానికి అనుమతులు కావాలి. ఆడియోను కూడా విన్నాక తుడిచేయాలి, ఎవరికీ పంపొద్దు. వింటూ రెండు మాత్రమే లెక్కపెట్టండి: ఎన్ని ప్రశ్నలు వేశాను, వాటిలో ఎన్నింటికి నేనే జవాబు చెప్పాను. తొలిసారి విన్నప్పుడు మన గొంతు మనకే నచ్చదు, అది సహజం.

ఇద్దరు టీచర్లు జతకట్టి నెలకొకసారి ఒకరి తరగతిలో ఒకరు కూర్చుంటే ఇంకా మేలు. ఆ ఒక్క పీరియడుకు ఖాళీ సర్దిపెట్టడం హెచ్‌ఎం పని. వెళ్లేవారికి రూలు ఒకటే: పాఠం చెప్పేవారు ముందుగా అడిగిన ప్రశ్నకే జవాబు తేవాలి. "చివరి రెండు వరసలవాళ్లు లెక్క ఎక్కడ ఆపేస్తున్నారో చూడు" అని అడిగితే, ఆ పిల్లల పుస్తకాల్లో ఏ మెట్టు దగ్గర పెన్సిలు ఆగిందో రాసుకుని వచ్చి చేతికివ్వాలి.